పొయ్యి ఆమెది, పేరు ఆయనది

అమెరికాలో ఉన్న మన అబ్బాయిలు ఆదివారం పూట పెరట్లో గ్రిల్లు ముట్టించి, టెక్సాస్ వాళ్ళ తీరున కారం దట్టించిన మాంసం కాలిస్తే ఎంత మెచ్చుకోలో! మసాలా నూరి ముక్కలు నానబెట్టిందెవరు, జిడ్డు చువ్వలు తోమిందెవరు అని ఒక్కరూ అడగరేం?

ఆ టెక్సాస్ కారానికో కథ ఉంది. శాన్ ఆంటోనియో బజార్లలో మిరపకాయల మాంసం కూర 'చిల్లీ' వండి అమ్మి, దానికి పేరు తెచ్చింది మెక్సికన్ ఆడవాళ్ళు. 1930లలో పరిశుభ్రత పేరు చెప్పి వాళ్ళను బజారు నుంచి లేపేశారు. 1977లో అదే కూరను రాష్ట్ర వంటకం చేసుకున్నారు! కూర కావాలి, వండినమ్మ అక్కర్లేదు.

మనమేమన్నా తక్కువ తిన్నామా? మా పెద్దపల్లిలో వానాకాలం బొగ్గుల మీద మక్కకంకి కాల్చి ఉప్పూకారం రాసిచ్చే అవ్వతో రూపాయి దగ్గర గీచిగీచి బేరమాడతాం. ఆ కంకే పెద్ద హోటల్లో పళ్ళెంలో వస్తే నోరెత్తకుండా బిల్లు కడతాం, పైగా టిప్పు కూడానూ.