మూడో పిన్ను పీకేస్తే మోత పోతుందా?

మొన్న ఒక ఫ్రెండు ఇంటికెళ్తే కొత్తగా కొన్న బాస్ గిటార్ వాయించి చూపించాడు. యాంప్‌ని కంప్యూటర్‌కి కలిపితే వచ్చే ఆ గుంయ్‌మనే మోత లేనేలేదు. "ఎలా పోగొట్టావురా?" అంటే గర్వంగా ప్లగ్గు చూపించాడు. లావుగా ఉండే ఎర్త్ పిన్ను లేదు! షాపువాడి సలహాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎర్రర్ వస్తోందని లాగింగ్ ఆపేసేవాణ్ణి మనం ఏమంటాం? ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ క్రాష్ అయ్యేది సర్వర్ కాదు, మనిషి.

మామూలు గిటార్లలో తీగలు బ్రిడ్జి కింద వైరు ద్వారా, కేబుల్ షీల్డు ద్వారా యాంప్ ఛాసిస్‌కి కలిసి ఉంటాయి. ఆ ఛాసిస్‌ని ఎర్త్‌కి కలిపేది మూడో పిన్ను. అది పీకేశాక లోపల ఎక్కడో ఫేజు వైరు ఛాసిస్‌కి తగిలిందనుకోండి, 230 వోల్టులు మీ వేళ్ళ కిందికే వస్తాయి.

భయపెట్టడానికి చెప్పట్లేదు. 1972లో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్లీ హార్వే ఎర్తింగ్ లేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే పోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఎర్తింగ్ సరిగాలేని గిటార్ వాయిస్తూ ఇంట్లోనే పోయాడు.

"మరి మోత సంగతో?" అంటారా. డీబగ్గింగ్ మనకి కొత్తా బాబూ!

గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా మోత అలాగే ఉంటే గిటార్‌ని తిట్టకండి, కేబులూ యాంపూ చూడండి. గిటార్ పట్టుకుని అటూ ఇటూ తిరిగితే మోత పెరిగి తగ్గుతోందా? సింగిల్ కాయిల్ పికప్పు దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్‌ని పట్టేస్తోంది. దూరం జరగండి. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో రెండు కాయిల్స్‌తో హంబకర్ చేసింది ఇందుకే. తీగలు ముట్టుకోగానే జర్రుమనే చప్పుడు తగ్గుతోందా? లోపల షీల్డింగ్ చాల్లేదు, రాగి రేకు అంటించి గ్రౌండ్‌కి కలపండి.

మావాడిలా కంప్యూటర్‌కి కలిపినప్పుడే వస్తే అది గ్రౌండ్ లూపు. రెండిటినీ ఒకే బోర్డుకి పెట్టండి. అప్పటికీ పోకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు పెట్టి, దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి నొక్కండి. అది సిగ్నల్ షీల్డుని మాత్రమే విడదీస్తుంది, యాంప్ ఎర్త్ జోలికి పోదు.

ఆ రాత్రే కొత్త ప్లగ్గు బిగించి వచ్చాను. మోత మళ్ళీ మొదలైంది, వాడు మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ, మనిషైతే ఉన్నాడుగా. మీరూ ఓసారి మీ ప్లగ్గు చూసుకోండి.