కాంటా దగ్గర నిలబడ్డవాళ్లు

దసరా దగ్గరపడితే మంచిర్యాలలో ఎవరి నోట విన్నా సింగరేణి లాభాల వాటా మాటే. తప్పేం లేదు, అది చెమట సొమ్ము. కానీ లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం వైపు కడెం కాలువ కింద పండిన వడ్లను కాంటా పెట్టే మహిళా సంఘాల ఆడవాళ్లు ఏ పండుగకూ ఎవరికీ యాదికి రారు.

వీళ్ల పని విలువ తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ధాన్యం వ్యాపారాన్ని వదిలేయాలా, పగ్గం వేయాలా అన్న పంచాయితీ పాతదే. ఫ్రాన్సులో ఆర్థికవేత్త కెనే శిష్యులు వదిలేయమన్నారు, ధర పెరిగితే సేద్యం బాగుపడుతుందని. 1763, 1764 శాసనాలతో వదిలేశారు. పంటలు దెబ్బతిని రొట్టె ధర మండేసరికి 1770లో మళ్లీ బిగించారు. 1774లో మంత్రి ట్యుర్గో ఇంకోసారి వదిలితే, మరుసటి ఏప్రిల్, మే నెలల్లో జనం సంతల మీద పడ్డారు. పిండి యుద్ధమన్నది దాన్నే. నాకు నచ్చినవాడు మాత్రం నేపుల్స్ మతాచార్యుడు గలియానీ. ధాన్యం బరువైన సరుకు, కబురు అంది బండి చేరేదాకా ఆకలి ఆగదు, ఒకే సూత్రం అన్ని చోట్లా చెల్లదు అని 1770లోనే రాశాడు. అతన్నీ పెద్దగా ఎవరూ తలచుకోరు.

ఆ పంచాయితీ మన గడపకూ వచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్రం సాగు చట్టాలు తెచ్చి, ఎక్కడైనా అమ్ముకోండి అంది. ఆ డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు ఇక ఉండవంది. 2021 యాసంగి వడ్లు కల్లాలకు వచ్చేసరికి అవే కేంద్రాలు తెరవక తప్పలేదు. ఎక్కడైనా అమ్ముకోమన్నారు సరే, రెండెకరాల రైతుకు ట్రాక్టర్ కిరాయి ఎవరిస్తారు? మద్దతు ధర కాగితం మీది అంకె. కల్లం దగ్గర కొనేవాళ్లుంటేనే అది ధర.

ఆ కొనే పని ఈ మహిళా సంఘాల ఆడవాళ్లది. తేమ 17 శాతం దాటిందా చూడాలి, తాలు పట్టించాలి, గన్నీ సంచులకు తిరగాలి, హమాలీలను బతిమాలాలి, రాని లారీకి ఫోన్లు చేయాలి, మబ్బు పడితే పరదాలకు ఉరకాలి. మిల్లులో తరుగు తీస్తే మిల్లర్‌ను ఏమీ అనలేని రైతు వీళ్లను తిడతాడు. ఈ పనికి సంఘానికిచ్చే కమీషన్ చేతికొచ్చేసరికి ఇంకో పంట కోతకొస్తుంది.

కొనుగోళ్ల మీద మీటింగు పెడితే మిల్లర్లకు కుర్చీలు వేస్తారు. ఈ ఆడవాళ్లకూ వేయండి. తరుగెంత, లారీ ఎప్పుడు అన్నది వీళ్లను అడిగి తేల్చండి. కమీషన్ రైతు పైసలతోపాటే ఖాతాలో వేయండి.