గంగలో తెడ్డు, కొండపై నడక



క్రిందటి మార్చి నెలలో మేము నలుగురు స్త్రీలము హృషీకేశమునకు పోయి, ఒక మార్గదర్శి వెంట రెండు దినములు గంగలో తెడ్డువేసి, గుడారములో పండుకొని, కొండ యెక్కి వచ్చితిమి. “తీర్థమునకు పోయి ఈ ఆటలేమి?” అని అడిగినవారు కలరు. వారికి సమాధానముగాను, పోదలచినవారికి ఉపయోగముగాను ఈ మాసమున ఆ సంగతియే వ్రాయుచున్నాను.

నేను గోదావరి యొడ్డున పుట్టితిని గాని నాకు ఈత రాదు. మా అన్నదమ్ములు కాలువలో మునిగి తేలుచుండగా మేము రేవుమెట్లపై కూర్చుండి వారి బట్టలకు కావలి కాచితిమి. ఆడుపిల్లకు ఈత యేల యని పెద్దలనిరి. మేమును ఏల యనుకొంటిమి. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదలోనుండగా, పాపికొండలకు పోవు పడవ కచ్చులూరు వద్ద మునిగి సుమారు ఏబదిమంది మరణించిరి. ఆనాటినుండి నేను పడవ యెక్కలేదు. ఈసారి మా వదినెగారును, ఆమె కుమార్తెయు, పొరుగింటి ఆమెయు బయలుదేరుచు, “నీవు ఒడ్డున మా సామానులు చూచుచుండవచ్చును” అని హాస్యమాడిరి. మరల బట్టలకు కావలియా యని నాకు రోషము కలిగెను. ఆ రోషముచేతనే పోతిని గాని ధైర్యముచేత కాదు.

హృషీకేశమున తెప్పలు నడపువారి దుకాణములు వీథి పొడుగునను కలవు. మొదట పోయినచోట నాకిచ్చిన లైఫ్ జాకెట్టుకు బిగింపు విరిగియుండెను. “పరవాలేదు, త్రాటితో ముడివేయుదము” అనిరి. వెల తక్కువయే, అయినను మరలి వచ్చితిమి. రెండవచోటి మార్గదర్శి గఢవాలు దేశపు యువకుడు. మమ్ములనందరను “దీదీ” యని పిలుచుచు, ఒక్కొక్కరి జాకెట్టు భుజముల పట్టీలను పైకి లాగి చూచెను. అది చెవులదాక లేచినచో వదులుగానున్నదని గురుతు. ఊపిరాడుట లేదని నేను మొఱపెట్టగా, “నీటిలో సుఖముగా నుండును” అని నవ్వి మరికొంత బిగించెను.

బట్టల సంగతి చెప్పవలయును. నూలుచీర తడిసినచో బరువెక్కి కాళ్లకు చుట్టుకొనును, త్వరగా ఆరదు. మేము తేలికగా ఆరెడి సల్వారు కమీజులు తొడిగి, ఓణీలు బసలో విడిచి, మంగళసూత్రములను లోనికి చేర్చి పిన్నీసులు పెట్టుకొంటిమి. చెప్పులకు మడమ పట్టీలుండవలయును. బస కుదుర్చుకొనునపుడు మరుగుదొడ్డి యెచటనున్నదో, దానికి దీపము కలదో లేదో అడుగుడు. పగలు సిగ్గుపడి అడుగనివారు అర్ధరాత్రి కొండవాలున చింతింపవలసివచ్చును.

శివపురి హృషీకేశమునకు సుమారు 16 కిలోమీటర్లు ఎగువనున్నది. గాలి నింపిన రబ్బరు తెప్పను అచట నీట దించిరి. మార్చిలో గంగ పచ్చగా, తేటగా నుండును; మంచుకొండలనుండి దిగివచ్చు నీరగుటచే మండుటెండలోను చేతులు కొంకర్లు పోవును. వానకాలమున జూలై, ఆగస్టులలో తెప్పలు నడువవు.

బయలుదేరుటకు ముందు మార్గదర్శి మాకు పాఠము చెప్పెను. తెడ్డు పైకొననున్న అడ్డుపిడిని ఒకచేత విడువక పట్టవలయును. విడిచినచో ప్రక్కవారి పండ్లకు ప్రమాదము. పాదమును తెప్పలోని అడ్డుదిండు క్రింద దూర్చవలయును. ఎవరైనను నీట పడినచో వెల్లకిల తేలి, పాదములను దిగువకు చాచి, కాలివ్రేళ్లు నీటిపైకి కనబడునట్లుంచవలయును. మోకాలిలోతు నీరైనను ప్రవాహములో నిలుచుండ ప్రయత్నింపరాదు. పాదము రాళ్లసందున చిక్కినచో నీటివడి మనిషిని ముందునకు త్రోసి ముంచివేయును. ఈ కడపటి మాటను అతడు మాచేత మూడుసార్లు చెప్పించెను.

నది రాళ్లపై విరిగి లేచు తావులను వడినిబట్టి 1 మొదలు 6 వరకు తరగతులుగా లెక్కింతురు. మేము పోయిన దారిలో 2, 3 తరగతులవే హెచ్చు. వానికి ‘రోలర్ కోస్టర్’, ‘గోల్ఫ్ కోర్స్’ అని పేర్లు పెట్టినారు. గంగమ్మ ఏమనుకొనునో!

ఆ రోలర్ కోస్టర్ కడనే తెప్ప అలపై నిటారుగా లేచెను. వదినెగారి తెడ్డు నీటికందక గాలిని కొట్టెను. ఆ ఊపునకు ఆమె నదిలో పడిరి. నాకు మొదట కనబడినవి ఆమె కాలివ్రేళ్లు. మెట్టెలతో సహా నీటిపై తేలుచుండెను! చెప్పినది చెప్పినట్లు చేసినారు. మార్గదర్శి తెప్పను ప్రక్కకు త్రిప్పి నన్ను కేకవేసెను, దగ్గరనున్నదానను నేనే. చేయి పట్టిన జారునని చెప్పియుండెను గనుక, జాకెట్టు భుజపట్టీలు రెండును పట్టి, మోకాళ్లు తెప్పకానించి వెనుకకు వ్రాలితిని. నాకంటె బరువైన మనిషి. వచ్చి నాపైనే పడిరి. ఇదంతయు ఒక నిమిషము పట్టలేదు. లేచి కూర్చుండి ఆమె అడిగిన తొలిమాట, “నా తెడ్డేది?” అని.

నాకు భయము సాయంకాలము వచ్చెను. జీపులో శివపురికి మరలివచ్చి, తేనీటి గ్లాసు పట్టుకొనబోగా చేతులు వణకెను. వదినె చూచియు ఏమియు అనలేదు. గ్లాసు తాను పట్టుకొని త్రాగించిరి.

ఒకప్పుడు గుడారములు గంగ యిసుకమీదనే వేయుచుండిరి. 2015లో జాతీయ హరిత న్యాయస్థానము నదీతీరమున అట్టి బసలను ఆపివేసెను. మా గుడారము నదికి దూరముగా కొండవాలున నుండెను. ఇసుకపై పండుకొను వేడుక పోయినదని పొరుగింటి ఆమె విచారించెను గాని, అందరి మురికియు ఆ నీటనే కలియుటకంటె ఇదియే మేలని నాకు తోచెను. రాత్రి యెల్ల నది మ్రోత వినబడుచునే యుండెను.

మరునాడు తెల్లవారుజామున 4 గంటలకు జీపులో కుంజాపురికి పోతిమి. కొండశిఖరమున 1,600 మీటర్లకు పైన అమ్మవారి కోవెల కలదు. సతీదేవి వక్షస్థలము పడిన చోటని చెప్పుదురు. చీకటిలో మెట్లెక్కి కూర్చుంటిమి. సూర్యుడు పొడమగా ఉత్తరమున మంచుశిఖరములు ఒక్కొక్కటిగా ఎఱ్ఱబడెను. అచటినుండి పల్లెలగుండ, మెట్టుపొలములగుండ నీర్‌గఢ్ జలపాతము దాక కాలినడకను దిగితిమి. ఎక్కుటకంటె దిగుటయే మోకాళ్లకు శ్రమ, చేతికఱ్ఱ మరువకుడు. దారిలో బురాంశ్ చెట్లు ఎఱ్ఱగా పూచియుండెను.

ఒక మలుపున తలపై గడ్డిమోపుతో ఒక పల్లెటూరి స్త్రీ ఎదురయ్యెను. వయస్సు నాకంటె హెచ్చే యుండును. మేము ధనము వ్యయపఱచి, మార్గదర్శిని పెట్టుకొని, గంటకొకచోట కూలబడుచు నడచు త్రోవ ఆమెకు దినదినమును నడచు బాట. మా కఱ్ఱలను చూచి నవ్వి, ప్రక్కకు తొలగి మాకు దారియిచ్చెను. మోపు మోయువారికి మేము తొలగవలసినదని తరువాత తోచెను.

ఇంటికి వచ్చి గంగాజలపు చెంబు అత్తగారికిచ్చి జరిగినదంతయు చెప్పితిని. వదినె పడినమాట దాచవలెననుకొంటిని గాని నోరాగలేదు. కోపపడుదురేమో యని చూచుచుంటిని. ఆమె చెంబును దేవుని పీటవద్ద పెట్టి వచ్చి కూర్చుండి, “ఆ తెడ్డు బరువుగా నుండునా?” అని యడిగిరి.