టికెట్ సున్నా సరే, బస్సు ఏదీ?

తెల్లవారుజామున నాలుగున్నరకు హైదరాబాద్ శివారు బస్తీ ఒకదాని చివర, మెయిన్ రోడ్డు మీద ఏడుగురు ఆడవాళ్లు నిలబడి ఉంటారు. అందరూ రోడ్లు ఊడ్చేవాళ్లు. అందరూ మాదిగ, మాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పరిశోధన పని మీద కొన్నాళ్లు నేనూ వాళ్లతో అక్కడ నిలబడ్డాను. ఆ వేళకు అక్కడికి బస్సు రాదు. తలా ముప్పై రూపాయలు వేసుకుని షేర్ ఆటో ఎక్కుతారు. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు బస్సు దొరుకుతుంది, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ వస్తుంది. "పొయ్యేటప్పుడు పైసలు, వచ్చేటప్పుడు ఫ్రీ. మాకు సగం మహాలక్ష్మే వచ్చింది బిడ్డా" అని వాళ్లలో పెద్దామె నవ్వింది.

ఆ రాని సగం గురించి మాట్లాడే ముందు, వచ్చిన సగం చిన్నది కాదని చెప్పాలి. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. 2025 జూలై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు జరిగాయని ప్రభుత్వం సంబరాలు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో అదే పని మొదలైంది. రోజు కూలి మీద బతికే ఇంట్లో రోజుకు నలభై, యాభై రూపాయలు మిగలడమంటే ఏమిటో లెక్కలు అడిగేవాళ్లకు తెలియదు. జిల్లా ఆసుపత్రికి చూపించుకోవడానికి మొగుణ్ణి డబ్బులు అడగనక్కర లేదు. ఊళ్లో ఆసామి ఇచ్చే కూలి నచ్చకపోతే పక్క మండలానికి పోవచ్చు. ఈ రెండోదాన్ని పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు గానీ, దళిత ఆడవాళ్లకు అసలు లాభం అక్కడే ఉంది. ఊరు దాటగలిగిన కూలీతో బేరం చేసేటప్పుడు ఆసామి గొంతు కొంచెం తగ్గుతుంది.

అందుకే కాబోలు, ఉచిత ప్రయాణం మీద అంత వెటకారం. 2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్న ఆడవాళ్ల వీడియో మీద రాష్ట్రమంతా నవ్వుకుంది. మాజీ మంత్రి కేటీఆర్ బస్సుల్లో బ్రేక్ డాన్సుల మాట తెచ్చి, ఆ తర్వాత విచారం వ్యక్తం చేయాల్సి వచ్చింది. పొద్దున నాలుగింటికి లేచి రాత్రి పదింటికి పడుకునే మనిషికి చేతులు ఖాళీగా దొరికేది బస్సులోనే. అక్కడా వెల్లుల్లి పొట్టు తీస్తోందంటే నవ్వాల్సింది ఆమెను చూసి కాదు.

బండి ఎక్కడం మనకు ఎప్పుడూ మామూలు విషయం కాలేదు. 1929లో చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగిన అంబేద్కర్‌ను తీసుకెళ్లడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. తోలడం రాని మనవాడొకడు పగ్గాలు పట్టాడు. బండి తలకిందులై ఆయన కాలు విరిగింది. అప్పటికే విదేశాల్లో చదివొచ్చిన బారిస్టర్ ఆయన. కులం అడగకుండా ఎక్కించుకునే బండి కావాలంటే అది ప్రజలదై ఉండాలి. ఇక్కడ 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖే పెరిగి పెరిగి ఈనాటి ఆర్టీసీ అయింది. ఆర్టీసీ బస్సులో సీటుకు కులం లేదు. రూటుకు మాత్రం ఉంది.

బస్సు ఊరి నడిమధ్యకు, గ్రామ పంచాయతీ దాకా వస్తుంది. దళితవాడ ఊరి అవతల ఉంటుంది. అక్కడి నుంచి స్టాప్‌కు నడవాలి, వానాకాలం బురదలో నడవాలి. రోజుకు రెండు ట్రిప్పులుండే రూటులో ఒకటి రద్దయితే ఎవరూ రాసుకోరు. ఉచిత ప్రయాణం లెక్క జీరో టికెట్లలో ఉంటుంది. బస్సు ఎక్కినవాళ్లకే టికెట్ కొడతారు. రాని బస్సు కోసం చూసి చూసి ఇంటికి తిరిగిపోయిన అమ్మాయి ఆ 200 కోట్లలో ఎక్కడా లేదు.

నగరంలో ఇదే ఇంకో రూపంలో కనిపిస్తుంది. డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు, మంచిదే. కొల్లూరులో ఒక్కచోటే 15 వేలకు పైగా ఇళ్లు కట్టారు. కానీ నగరం నడిబొడ్డున ఇళ్లలో పనిచేసే మనిషిని అవుటర్ రింగ్ రోడ్డు దగ్గరకు పంపితే, ఇంటితో పాటు పొద్దున్నే నడిచే బస్సు కూడా ఇవ్వాలి. మెట్రో ఉంది కదా అంటారు. మెట్రోలో మహిళలకు ఉచితం లేదు. 2025 మేలో గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75 రూపాయలకు పెంచి, గొడవ అయ్యాక పది శాతం తగ్గించి 69 చేశారు. రానూపోనూ అంత పెట్టి పాచిపనికి పోయేవాళ్లుంటారా?

పోనీ మగవాళ్ల సంగతి? 2025 జూన్‌లో సిటీ ఆర్డినరీ బస్ పాస్ 1,150 నుంచి 1,400 రూపాయలైంది. విద్యార్థుల పాస్‌లూ పెరిగాయి. అక్టోబర్ 6 నుంచి జంటనగరాల్లో మొదటి మూడు స్టేజీలకు 5, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. అడ్డా మీద నిలబడే కూలీకి రానూపోనూ రోజుకు 20, నెలకు పాతిక రోజులు పనికి పోతే 500. తల్లికి మిగిలింది కొడుకు జేబులోంచి పోతోంది.

ఆ కొడుకు ఆటో నడిపేవాడైతే దెబ్బ ఇంకా గట్టిది. 2021లో దళితబంధు కింద పది లక్షలిచ్చినప్పుడు ఎంతోమంది కార్లు, ఆటోలు, ట్రాలీలు కొనుక్కున్నారు. బండి కొనిపించిందీ సర్కారే, రెండేళ్లకు గిరాకీ తీసుకుపోయిందీ సర్కారే. ఆటో డ్రైవర్లకు ఏడాదికి 12 వేలు ఇస్తామని ఎన్నికల్లో చెప్పారు. ఆంధ్రలో 2025 అక్టోబర్‌లో డ్రైవర్ల ఖాతాల్లో 15 వేల చొప్పున వేశారు. దీన్ని ఉచిత బస్సుకు వ్యతిరేకంగా వాడుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. తల్లీకొడుకులను ఎదురెదురుగా నిలబెట్టే వాదన అది. బస్సు పోని వాడకు అదే ఆటోను డిపోతో కలిపి నడిపించవచ్చు, కిలోమీటరుకు ఇంతని కట్టవచ్చు. ప్రైవేటు కంపెనీలకు అలా కట్టడం ఆర్టీసీకి కొత్తేమీ కాదు.

పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. పొగ లేదు, చప్పుడు లేదు, ఊపిరికి మంచిది, కాదనను. కానీ అవి ఆర్టీసీ బస్సులు కావు. బస్సు కంపెనీది, మరమ్మతు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి. ఆర్టీసీ కిలోమీటరు లెక్కన డబ్బు కడుతుంది. ఆర్టీసీ డ్రైవర్, శ్రామిక్ పోస్టుల్లో ఎస్సీలకు 15 శాతం ఉంది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఆ 15 శాతాన్ని మూడు గ్రూపులుగా వర్గీకరించాం. దానికోసం మాదిగ బిడ్డలు ముప్పై ఏళ్లు రోడ్ల మీద ఉన్నారు. తీరా చూస్తే, ఆ రిజర్వేషన్ కంపెనీ బస్సు స్టీరింగ్‌కు వర్తించదు. ఆర్టీసీలో 1,000 డ్రైవర్, 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చిందని సంతోషించాం. 2,000 బస్సులు రెండు షిఫ్టులు నడవాలంటే కనీసం 4,000 మంది డ్రైవర్లు కావాలి. వాళ్లెవరూ రోస్టర్‌లో ఉండరు.

యూనివర్సిటీల్లో మనం రిజర్వేషన్ గురించి మాట్లాడినంతగా రూట్ల గురించి మాట్లాడం. నేనూ మాట్లాడలేదు, ఆ ఏడుగురితో నిలబడే దాకా. ఏ వాడకు బస్సు పోతోంది, ఏ ట్రిప్పు ఎన్నిసార్లు రద్దయింది, మొదటి బస్సు ఎన్నింటికి కదులుతుంది అనేవి డిపో రికార్డుల్లో ఉండే విషయాలు. మండలానికొకరు సమాచార హక్కు దరఖాస్తు వేసి ఆ షెడ్యూళ్లు తెప్పించి, దళితవాడల జాబితా పక్కన పెట్టి చూడండి. ఫీజు పది రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు.