తెరుచుకోని యాప్ ఏం చెబుతోంది?

మోటారు వేశారు, నీళ్ళు రాలేదు. మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి చుట్టుపక్కల, ఆ మాటకొస్తే వ్యవసాయం ఉన్న ఏ ఊళ్ళోనైనా, పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. బావి గట్టు మీద స్టార్టర్ మీట నొక్కితే మోటారు గుర్రుమంటుంది గాని తిరగదు. అప్పుడు మీ బాపు ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? మోటారు విప్పి అవతల పారేసి కొత్తది తెప్పించడు. ముందు గబుక్కున ఆపేస్తాడు. లేకుంటే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. అసలు చప్పుడే లేకపోతే కరెంటు లేదేమో, ఫ్యూజు పోయిందేమో అని చూస్తాడు. గుర్రుమంటూ తిరగకపోతే మూడు ఫేజులలో ఒకటి రావటం లేదని అనుమానిస్తాడు. బల్బు తెచ్చి ఒక్కొక్క ఫేజునూ పరీక్షిస్తాడు. (ఇది పెద్దలు చేసే పని. మీరు దూరం నుంచి చూస్తే చాలు.) మూడింటిలోనూ బల్బు వెలిగితే అనుమానం కరెంటు మీది నుంచి మోటారు మీదికి మళ్ళుతుంది.

ఆ మనిషే, ఫోన్‌లో ఒక యాప్ తెరుచుకోకపోతే, "తీసేసి మళ్ళీ వెయ్యి బిడ్డా" అంటాడు. మీరూ అదే చేస్తారు. నేనూ చాలాకాలం అదే చేశాను. బావి దగ్గర ఇంత చక్కగా పనిచేసిన బుద్ధి ఫోన్ దగ్గరికి రాగానే ఎక్కడికి పోతోంది? ఈ వ్యాసంలో నా ఫిర్యాదు అదే.

ఇప్పుడు పాఠశాలల్లో కొందరు విద్యార్థులు సొంతంగా యాప్‌లు తయారు చేస్తున్నారు. దంతాలపల్లిలో పదవ తరగతి చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. పత్తి తూకాలు, కూలి లెక్కలు తెలుగులో రాసుకునే చిన్న యాప్ ఆమె తయారు చేస్తోంది. ఫోన్లలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి: ఆండ్రాయిడ్, ఐఫోన్. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ప్రోగ్రాము రాయాలంటే పని రెట్టింపు. అందుకని ఒకే ప్రోగ్రాము రాసి రెండింటిలోనూ నడిపించే ఉపాయాలు వచ్చాయి. ఫేస్‌బుక్ సంస్థ 2015లో బయటపెట్టిన రియాక్ట్ నేటివ్ అలాంటిది. గూగుల్ వారి ఫ్లట్టర్ మరొకటి. దాని మొదటి పూర్తి రూపం 2018 డిసెంబరులో వచ్చింది. మన అమ్మాయి రియాక్ట్ నేటివ్‌ను ఎంచుకుంది.

ఇందులో సుఖమూ ఉంది, చిక్కూ ఉంది. పైన మీరు రాసిన ప్రోగ్రాము, దాని కింద రెండు జాతుల ఫోన్లతోనూ మాట్లాడే మధ్యవర్తి, ఆ కింద ఫోన్ సొంత వ్యవస్థ, పక్కన ఇవన్నీ కూర్చే కంప్యూటరు. వీటిని తయారు చేసినవారు వేరు వేరు, చేసిన కాలాలు వేరు. ఇవన్నీ మొదటిసారి ఒకచోట కలిసేది యాప్ మొదలయ్యే క్షణంలోనే. పెళ్ళిలో రెండు పక్షాలవాళ్ళు ముఖాముఖి అయ్యేది ఎదురుకోళ్ళ దగ్గర కదా! అలకలు కూడా అక్కడే మొదలవుతాయి. కాబట్టి యాప్ మొదట్లోనే ఆగిపోతే మీరు రాసిన ప్రోగ్రాములో తప్పుందని వెంటనే అనుకోనక్కరలేదు. ఏ ఇద్దరి మధ్య మాట కుదరలేదో కనుక్కోవాలి.

మన అమ్మాయికి ఏమయిందో చూడండి. యాప్‌ను ఫోన్‌లో వేసి తెరిచింది. తెర అంతా ఎర్రబడింది. 'స్క్రిప్టును తెచ్చుకోలేకపోయాను' అనే అర్థంతో పైన ఒక ఇంగ్లీషు వాక్యం, దాని కింద అర్థం కాని బారెడు వరసలు. ఎర్ర రంగు చూడగానే ఆమె భయపడి యాప్‌ను తీసేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఎరుపే. మూడుసార్లయింది. రాసింది సగం చెరిపేసి చూసింది. అయినా ఎరుపే!

ఆ మొదటి వాక్యం దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఉంటే? తెచ్చుకోలేకపోయాను అంటోంది. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? తయారీలో ఉన్నంతకాలం ఫోన్‌లో ఉండేది ఖాళీ కుండ లాంటిది. అసలు ప్రోగ్రాము కంప్యూటరులోనే ఉంటుంది. మెట్రో అనే చిన్న సేవకుడు కంప్యూటరులో కూర్చుని, 8081 అనే సంఖ్య గల వాకిలి దగ్గర, ఫోన్ అడిగినప్పుడల్లా ప్రోగ్రామును అందిస్తుంటాడు. మరి మన అమ్మాయి కంప్యూటరు పాఠశాల వైఫైలో ఉంది. ఫోనేమో సిమ్ కార్డు డేటా మీద నడుస్తోంది. కుండ బావి దగ్గరికి పోయే దారే లేదు. ఆ కుండను తీసి మూడుసార్లు కాదు, ముప్పైసార్లు పెట్టినా నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

బల్బు పెట్టి ఫేజు చూసినట్టే దీనికీ ఒక పరీక్ష ఉంది. ఫోన్‌లోని బ్రౌజరులో కంప్యూటరు చిరునామా, 8081 సంఖ్య, చివర 'స్టేటస్' అనే మాట కొట్టి తెరవాలి. దారి బాగుంటే, నడుస్తున్నానని మెట్రో జవాబిస్తుంది. జవాబు రాకపోతే అదే చిరునామాను కంప్యూటరులోనే తెరిచి చూడాలి. అక్కడ వచ్చి ఇక్కడ రాకపోతే తప్పు దారిదే. అక్కడా రాకపోతే సేవకుడు నిద్రపోతున్నాడన్నమాట. రెండు ప్రశ్నలు వేస్తే అనుమానం ఎంత తగ్గిపోయిందో చూశారా! ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనా ముట్టుకోలేదు.

ఇంకో రోజు అసలు యాప్ తయారే కాలేదు. కంప్యూటరు 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అంది. ఇది నాకు చాలా ఇష్టమైన ఎర్రర్, ఎందుకంటే ఇందులో ఒక చిన్న లెక్క దాగి ఉంది. 65లో నుంచి 44 తీసేయండి. 21 వస్తుంది. అంటే జావా 21. పాత జావా 8 అయితే ఈ సంఖ్య 52 ఉండేది, తీసివేసి చూసుకోండి. కంప్యూటరులో కొత్త జావా ఉంది, యాప్‌ను కూర్చే గ్రేడిల్ అనే పనిముట్టు మాత్రం పాతది, దానికి ఆ కొత్త భాష తెలియదు. జావా 21 మీద గ్రేడిల్ నడవగలిగింది 8.5 నుంచే. కాబట్టి గ్రేడిల్‌ను పెంచాలి, లేదా జావాను తగ్గించాలి. ఏదో ఒకటి, రెండూ కాదు. ఒకేసారి రెండు మార్చి, యాప్ తెరుచుకున్నదని ఊపిరి పీల్చుకుంటే, ఏది మందో ఏది నీళ్ళో మీకెప్పటికీ తెలియదు.

తీసేసి మళ్ళీ వేయటం ఎప్పుడూ దండగేనా అని మీరడగవచ్చు. కాదు. పాత తయారీ ముక్కలు కంప్యూటరులో మిగిలిపోయి కొత్తవాటితో కలిసి గందరగోళం చేయటం నిజంగానే జరుగుతుంది. అప్పుడు ఆ ముక్కలను ఊడ్చేసి మొదటి నుంచి కూర్చితే పని జరుగుతుంది. నా అభ్యంతరం ఊడవటం మీద కాదు. పాత ముక్కల మీద అనుమానం వచ్చి ఊడిస్తే అది పరీక్ష. ఏమీ తోచక ఊడిస్తే అది దిష్టి తీయటం.

ఇప్పుడు మన తెలుగుకే జరిగిన ఒక పెద్ద కథ చెబుతాను. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఉన్నట్టుండి కుప్పకూలాయి. కారణం ఒక తెలుగు అక్షరం అన్నారు. అది 'జ్ఞా'. సందేశంలో అది వస్తే వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ వంటి యాప్‌లు మూతపడేవి. మళ్ళీ తెరిస్తే అవి మొట్టమొదట అదే సందేశాన్ని చూపబోయేవి, మళ్ళీ మూతపడేవి. తెర మీద వచ్చే సూచనలో ఆ అక్షరం కనిపిస్తే ఏకంగా ఫోన్ ముఖద్వారమే కూలి, లేవటం, పడటం, లేవటం, పడటం. ఎవరైనా స్నేహితుణ్ణి బతిమాలి ఇంకో సందేశం పంపించుకుంటే, జాబితాలో ఆ అక్షరం స్థానంలో కొత్త మాటలు కనిపించి యాప్ తెరుచుకునేది. ఆ ఉపాయం చాలామందిని గట్టెక్కించింది. కాని జబ్బు ఏమిటో అది చెప్పలేదు.

'తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది' అన్నట్టుగా వార్తలు వచ్చాయి. మీరే ఆలోచించండి. జ్ఞా లేకుండా విజ్ఞానం ఎలా రాస్తాం? జ్ఞాపకం, అజ్ఞానం? అవి రాసిన ప్రతిసారీ ఫోన్ కూలుతుంటే ఆ సంగతి తెలుగువాళ్ళకు అందరికంటే ముందే తెలియాలి కదా? అదే అక్షరం ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ హానీ చేయలేదే! ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు, అక్షరం నిర్దోషి అని అనుమానం వస్తుంది.

మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామరు ఆ ప్రశ్నల దారినే నడిచాడు. ఆ అక్షరాన్ని విడదీస్తే జ, పొల్లు, ఞ, దీర్ఘం, ఈ నాలుగే ఉండాలి. కాని ఫోన్లను కూల్చిన దానిలో ఐదున్నాయి. ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు కూర్చుంది. దాని పని అక్షరాలు అతుక్కోకుండా విడిగా ఉంచటం. 'ఫేస్‌బుక్' అని రాసినప్పుడు స్ కింద బ ఒత్తుగా చేరకుండా ఆపేది అదే. జ్ఞాలో దానికేమీ పని లేదు, ఎలాగో చొరబడింది. గోరేగావ్‌కర్ హల్లు మార్చి చూశాడు, అచ్చు మార్చి చూశాడు, ఆ కనిపించని గుర్తు తీసి చూశాడు. ఒక్కొక్కసారి ఒక్కొక్కటే. చివరికి తేలిందేమిటంటే, తెలుగులో ఇంకా ఎన్నో కూర్పులు అదే విధంగా ఫోన్‌ను కూలుస్తాయి. బెంగాలీలో, హిందీ రాసే దేవనాగరిలో కూడా అలాంటివి ఉన్నాయి. అంటే నేరం ఒక అక్షరానిది కాదు, మన దేశపు లిపులను తెర మీద గీసే ఆపిల్ వారి ప్రోగ్రాముది. వింత అక్షరాల వరస వచ్చినప్పుడు అది మెమరీని చెడగొట్టుకుంటోంది. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 సంఖ్యతో సవరణ విడుదల చేసింది. లోపలికి వచ్చే అక్షరాలను మరింత జాగ్రత్తగా సరిచూసేటట్టు మార్చామని చెప్పింది.

ఒకే ప్రోగ్రాముతో రెండు జాతుల ఫోన్లకూ యాప్ చేస్తున్న మీకు ఈ కథ ఎందుకు అవసరమో ఇప్పుడు తెలిసి ఉంటుంది. మీరు రాసింది ఒకటే అయినా, అడుగున పనిచేసేది ఆ ఫోన్ సొంత సరుకే. ఆండ్రాయిడ్‌లో తెరుచుకున్నది ఐఫోన్‌లో తెరుచుకుంటుందన్న హామీ లేదు. అంతెందుకు, మాస్టారి కొత్త ఫోన్‌లో తెరుచుకున్నది మీ అవ్వ చేతిలోని పాత ఫోన్‌లో తెరుచుకోకపోవచ్చు. ఏ ఆండ్రాయిడ్ మొదలు నడవాలో చెప్పే సంఖ్య ఒకటి ప్రతి యాప్‌లో ఉంటుంది. కూలి లెక్కల యాప్ కూలికి పోయేవాళ్ళ ఫోన్లలో తెరుచుకోకపోతే ఇక అది ఎవరి కోసం?

తెలుగు అక్షరం వల్ల యాప్ కూలితే, ఎక్కడ చూడాలో తెలుగు చదవగలిగిన మనిషికి త్వరగా తట్టుతుంది. జ్ఞాలో ఏవేవి కలిసి ఉన్నాయో మీకు చిన్న తరగతుల్లోనే నేర్పారు. ఎర్రర్లు ఇంగ్లీషులో ఉంటాయి, మాకు రాదని కొందరు వెనక్కి పోతుంటారు. ఆ ఇంగ్లీషు షేక్‌స్పియర్ ఇంగ్లీషు కాదు. దొరకలేదు, కుదరలేదు, అనుమతి లేదు, దీనికి కారణం ఇది, ఇలాంటి మాటలే తిరిగి తిరిగి వస్తాయి. నెల రోజులు ఒక నోటుబుక్కులో రాసుకుంటే కంఠతా వచ్చేస్తాయి. ఇప్పుడు ఎర్రర్ అతికిస్తే చాలు, కృత్రిమ మేధ జవాబు చెబుతోంది కదా అనేవారూ ఉన్నారు. అడగండి, తప్పులేదు. అయితే 'ఏం చేయాలి' అని అడిగే ముందు 'దీని అర్థమేమిటి' అని అడిగి, ఆ జవాబు నిజమో కాదో తేల్చే పరీక్ష ఒకటి మీరే చేసి చూడండి.

మన విజ్ఞాన ప్రదర్శనల మీద కూడా ఒక మాట అనాలి. ఆ రోజు తెరుచుకున్న యాప్‌కు బహుమతి, తెరుచుకోనిదానికి చిన్నచూపు. ఎన్నిసార్లు ఆగింది, ఎక్కడ ఆగింది, ఎలా కనుక్కున్నావు అని ఎవరూ అడగరు. అందుకే పిల్లలు ఎర్రర్లను దాచుకుంటున్నారు. ప్రతి యాప్ పక్కనా ఒక ఎర్రర్ల నోటుబుక్కు పెట్టించాలని నేనంటాను. వచ్చిన వాక్యం, కలిగిన అనుమానం, మార్చిన ఒకే ఒక్క సంగతి, తరువాత ఏమయిందన్నది, అంతే. కొట్టివేతలతో, సిరా మరకలతో ఉన్నా సరే. సగం మార్కులు దానికే ఇవ్వాలి. (మన రసాయనశాస్త్రం రికార్డుల్లాగా జవాబు ముందే తెలిసి అందంగా నింపిన నోటుబుక్కు అయితే మాత్రం అక్కరలేదు.)

ఈలోగా ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగం ఒకటుంది. మీ ఫోన్‌లో జ్ఞా అని రాసి, చెరిపే మీటను ఒక్కొక్కసారే నొక్కండి. లెక్క ప్రకారం నాలుగుసార్లు పట్టాలి. ఒక్కొక్క నొక్కుకూ ఏం మిగిలిందో రాసుకోండి. తరువాత వేరే జాతి ఫోన్ ఉన్న చుట్టాన్నో స్నేహితుణ్ణో అడిగి అందులోనూ అలాగే చేసి, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూడండి.