సన్నాయి సాయెబు మనవరాలు

షెహనాయి మాటెత్తితే చాలు, మనం బిస్మిల్లా ఖాన్ సాబ్ పేరు ఫఖర్‌గా చెప్పుకుంటాం. కాశీలో వాయించారు, 2001లో భారతరత్న వచ్చింది, నమాజ్ విడిచిపెట్టని మనిషి అని కూడా కలుపుతాం. సరే భాయ్. మరి చిలకలూరిపేట వైపు నుంచి ఓ రిష్తా వచ్చి, పిల్ల తాత సన్నాయి వాయించేవాడని తెలిస్తే? అప్పుడు మన పెద్దల మొహాలు చూడాలి. నేను చూశాను. ఆ రిష్తా నాదే.

మా ఖాందాన్‌లో ఉర్దూ మాట్లాడతారు. వాళ్లింట్లో తెలుగే. మేం నానా అని పిలిచే మనిషిని తను తాత అంటుంది. దూదేకులవాళ్లని, మేళగాళ్లని మావాళ్లు గొణిగారు. 'సగం ముసల్మాన్లు' అన్న మాట కూడా నా చెవిన పడింది. చివరికి షాదీ అయితే అయింది గానీ, తాత సంగతి దావత్‌లో ఎవరూ ఎత్తకూడదని షరతు పెట్టారు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. ఇవాళ రాస్తున్నది ఆ షరమ్ గురించే.

ఆ ఏడాది శ్రీరామనవమికి అత్తారింటికి వెళ్లాం. కల్లాల నిండా మిరపకాయలు, ఊళ్లో అడుగుపెట్టగానే ఘాటు. రాత్రి రామాలయం పందిట్లో సన్నాయి కచేరి. వాయించేది ఇద్దరు సాయెబులు. మనవాళ్లెవరైనా చూస్తారేమోనని నేను వెనకాల స్కూటర్ దగ్గరే నిలబడదామనుకున్నాను. తను కొంగు సర్దుకుని, నా వైపు చూడకుండా ముందుకెళ్లి కూర్చుంది. గతిలేక నేనూ వెళ్లాను. ఆడవాళ్ల వరుస చివర తను, మగవాళ్ల వరుస మొదట నేను. మధ్యలో మూరెడు జాగా.

కల్యాణి ఎత్తుకున్నారు. 'ఇప్పుడు ఊపిరి తీస్తాడు చూడండి' అంది మెల్లగా. తీశాడు. 'ఇక పీక మారుస్తాడు.' మార్చాడు. నేను కచేరి వదిలేసి తన మొహం చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని శ్రుతిపెట్టె వేసిన పిల్ల అని ఆ రాత్రి దాకా నాకు తెలియదు. నెలల తరబడి ఒకే కప్పు కింద ఉండి, తనకు అన్నిటికంటే బాగా తెలిసిన విషయం గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడొద్దని చెప్పింది మేమే కదా.

ఇంటికి నడుస్తూ, 'తాత ఏ రాగం బాగా వాయించేవాడు?' అని అడిగాను. సహర్ దాకా చెబుతూనే ఉంది. మా మధ్య నికాహ్ ముందే అయినా, మొహబ్బత్ మొదలైంది ఆ రాత్రే.

ఇంతకీ అది సిగ్గుపడాల్సిన ఇల్మా దోస్తులారా? ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. నాదస్వరం తమదేనని చెప్పుకునే తమిళ దేశం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆయన షాగిర్దులు కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ మియాబీబీలు. ఇద్దరూ ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చుని వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు. మన బేగమ్‌ను పందిట్లో పక్కన కూర్చోబెట్టుకోడానికే మనం దిక్కులు చూస్తాం!

మౌసిఖీ జాయజా, నాజాయజా అన్న బహస్ ఉలమాలది. నేనందులో దిగను. హరామ్ అని నిజంగా నమ్మి దూరంగా ఉండేవాళ్ల నీయత్‌ను శంకించను. కానీ వాళ్ల లెక్కలో బిస్మిల్లా ఖాన్‌కు, మా ఆవిడ తాతకు తేడా ఉండకూడదు కదా. దూరాన ఉన్న సాబ్‌ను నెత్తికెత్తుకుని, పక్క ఊరి సాయెబును దావత్‌లో దాచిపెట్టడం దీన్ కాదు. అది జాత్ గురూర్. ఇస్లాంలో జాత్ లేదని మైకులో చెప్పేదీ మనమే, రిష్తా దగ్గర గుసగుసగా జాత్ అడిగేదీ మనమే.

మావాళ్లు ఆ షరతు పెట్టిన రోజు నేను ఒక్క మాట అని ఉంటే ఆ ముసలాయన మనవరాలి షాదీలో తలెత్తుకుని కూర్చునేవాడు. ఇప్పుడాయన లేడు. మాఫీ అడగడానికి ఖబర్ దగ్గరికి వెళ్లడం తప్ప నాకు వేరే దారి లేదు.

ఇప్పుడు మా అమ్మాయికి రిష్తాలు చూస్తున్నాం. బయోడేటాలో ముత్తాతల గురించి ఎవరూ రాయరు. నేను ఒక లైను కలిపాను: ముత్తాత సన్నాయి విద్వాంసులు. అది చూసి వెనక్కి పోయేవాళ్లను పోనిద్దామని మా ఆవిడకు చూపించాను. చదివి, 'ఊరి పేరు కూడా రాయండి' అంది.