మగ్గం ఖర్చు, యింటి ఖర్చు

మన నేతగాళ్లలో చాలామందికి ఆదాయపు పన్ను తమ గడప తొక్కదనే ధైర్యం వున్నది. ఆ ధైర్యం తప్పు కాదు. 2025-26 సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో లెక్క చూపుకునేవారికి యేటికి 12 లక్షల రూపాయల ఆదాయం వరకు కట్టవలసిన పన్ను లేదు. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు నెలకు 5,000 రూపాయలు కూడా రావడం లేదని తేలింది. అట్టివారికి పన్ను లెక్కల సంగతి చెప్పబోవడం బోడిగుండుకూ మోకాలికీ ముడివేయడమేనని కొందరు నవ్వవచ్చును. నవ్వనివ్వండి. పన్ను కట్టండని నేను చెప్పడం లేదు. పన్నుల చట్టంలో వ్యాపారపు ఖర్చును సొంత ఖర్చునుంచి వేరుచేసే పద్ధతి ఒకటి వున్నది. పన్ను కట్టే షావుకారుకు ఆ పద్ధతి యెంత అవసరమో, కట్టని నేతగాడికి అంతకంటె యెక్కువ అవసరమని నా వాదన.

షావుకారు ఖాతా తెరిచి చూస్తే మనమిచ్చిన బట్ట ఒక ఖర్చు పద్దు. మన మజూరి ఒక పద్దు. బండి కిరాయి, కొట్టు అద్దె, గుమాస్తా జీతం, బ్యాంకు వడ్డీ, అన్నిటికీ చోటున్నది. మన వద్దనో? సంతనుంచి తెచ్చిన సొమ్ము ఒక గుడ్డసంచిలో పడుతుంది. నూలుకూ బియ్యానికీ పిల్లల బడికీ అందులోంచే తీస్తాము. సంచి ఖాళీ అయితే కష్టకాలమంటాము, మిగిలితే లాభమంటాము. ధర అడిగేటప్పుడు మనకు కిట్టుబాటు యెంతో మనకే తెలియకపోతే యెదుటివాడు చెప్పిన ధరే ధర అవుతుంది.

సెమిలిగుడ సంతనే తీసుకుందాము. సాలూరు మీదుగా ఘాటు యెక్కి, సుంకి, పొట్టంగి దాటిన తరువాత, కొరాపుట్టుకు ముందే తగిలే వూరు అది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం యేర్పడేవరకు యీ ప్రాంతం విశాఖపట్టణం జిల్లాలోనిదే. యిప్పుడు ఘాటు దిగువ ఆంధ్ర, యెగువ ఒడిశా. అయితే ఆదాయపు పన్ను కేంద్రానిది గనుక, కొండకు యీవలి నేతగాడికీ ఆవలి నేతగాడికీ చట్టం ఒకటే.

మనవాడు ఒక పడుగు తువ్వాళ్లు నేసి ఆ సంతలో అమ్మాడనుకుందాము. అంకెలు లెక్క నడిపేందుకు నేను వేసుకున్నవే. నూలు 6,200, రంగులు 900, గంజి 150, బస్సు కిరాయి, మూట కూలి, సంత ఆశీలు కలిసి 600, పన్నె బాగుచేయించినందుకు 250. మొత్తం 8,100. బట్ట 11,500కు పోయింది. మిగిలింది 3,400. పన్నెండు రోజుల పని. రోజుకు 283 రూపాయలు పడిందని సంతోషించవచ్చును. కాని ఆసు పోసినదెవరు? చిలపలు తోడి కండెలు చుట్టినదెవరు? యింటి యిల్లాలు. ఆ పనికి బయటి మనిషిని పెట్టుకుంటే రోజుకు 120 చొప్పున యెనిమిది రోజులకు 960 యివ్వవలసి వచ్చేది. అది తీసివేస్తే మిగిలేది 2,440, రోజుకు 203. మొదట చెప్పుకున్న 283లో 80 రూపాయలు యిల్లాలి కష్టమన్నమాట. అది యే పద్దులోనూ లేదు.

చట్టం యీ సంగతిని యెట్లా చూస్తున్నదో చెప్పవలసి వున్నది. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానే 2025లో చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గాని ఖర్చుల మూలసూత్రం మారలేదు. ఖర్చు పూర్తిగా, కేవలం వ్యాపారం నిమిత్తమే చేసినదై వుండాలి; సొంతానిది కారాదు; ఆస్తి సంపాదించడానికి పెట్టినది కారాదు. యివ్వని కూలి ఖర్చు కాదు. సరే, యిచ్చి వ్రాసుకుందామంటే అక్కడ మరో ముడి వున్నది. యెదిగిన కొడుక్కో తమ్ముడికో పనికి తగిన కూలి నిజంగా యిస్తే అది ఖర్చే. బయటి ఆడకూతురికి కండెల కూలి యిచ్చినా ఖర్చే. భార్యకు యిస్తే మాత్రం, ఆ సొమ్మును తిరిగి భర్త ఆదాయంలోనే కలుపుతారు. సాంకేతిక అర్హతో వృత్తి అర్హతో వుండి, ఆ జ్ఞానంవల్లా అనుభవంవల్లా వచ్చిన ఆదాయమైతేనే కలపరు. పాత చట్టంలో యిది 64వ సెక్షను. కొత్త చట్టంలోనూ వుంచారు.

భార్య పేర జీతం వ్రాసి పన్ను ఎగవేసే పెద్దల కోసం పెట్టిన నిబంధన అది. దాని వుద్దేశాన్ని నేను కాదనను. కాని పడుగు పోగులు లెక్క తప్పకుండా ఆసు పోయడం సాంకేతిక జ్ఞానం కాదా? అచ్చు అతకడం పట్టా పుచ్చుకున్నవారెవరైనా చేయగలరా? అదే గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు. వారిలో నూటికి 72 మంది ఆడవారు. యింతమంది చేతి పనికి చట్టం భాషలో పేరు దొరకలేదంటే లోపం చేతిలో లేదు. యీ నిబంధనవల్ల నేటి నేతగాడికి పన్ను పడుతుందని కాదు, పడదు. బ్యాంకువాడూ, ధర నిర్ణయించే అధికారీ, షావుకారూ, చివరకు మనమూ, ఆ పనిని లెక్కలోకి రాని పనిగానే చూడడానికి అలవాటుపడ్డాము. అందుచేత పన్ను కాగితంలో చోటు లేకపోయినా మన పుస్తకంలో యిల్లాలి పనికి ఒక గడి వుండితీరాలని నా పట్టు.

యిక మిగతా ఖర్చులు. నూలు, రంగు, గంజి, కూలి, కిరాయి, ఆశీలు వీటిలో తగాదా లేదు, ఆ యేటివి ఆ యేటనే తీరిపోతాయి. నూలు బిల్లులో జి.ఎస్.టి. వుంటుంది. రిజిస్టరు కాని నేతగాడికి అది తిరిగి రాదు కాబట్టి నూలు ఖరీదులోనే కలిపి వ్రాయాలి. అట్లాగే 2021-22 నుంచి కేంద్రం నూలు సరఫరా పథకంలో చిలప నూలు మీద 15 శాతం రాయితీ యిచ్చింది; రాయితీ పొందినవారు రాయితీ పోను యిచ్చినదే వ్రాయాలి గాని పూర్తి ధర కాదు.

మగ్గం కొన్న సొమ్ము, జకార్డు పెట్టె కొన్న సొమ్ము మాత్రం ఒక్కసారిగా ఖర్చు వ్రాయకూడదు. అవి యేళ్ల తరబడి పనిచేసేవి గనుక తరుగుదల రూపంలో కొంచెం కొంచెంగా తీస్తారు. యంత్రసామగ్రికి మామూలు రేటు 15 శాతం. 20,000 పెట్టి జకార్డు కొంటే మొదటి యేడు 3,000, రెండవ యేడు మిగిలిన 17,000 మీద 2,550, ఆ వరుసను. కొన్న యేడు 180 రోజులకు తక్కువ వాడితే అందులో సగమే. తరుగుదల చేతిలోంచి పోయే సొమ్ము కాదు కదా అని కొందరంటారు. పోదు, నిజమే, కాని పదేళ్లకు మగ్గం చివికిపోయి కొత్తది కావలసి వచ్చినప్పుడు ఒక్కసారిగా అప్పుకు పరుగెత్తేది, దాన్ని లెక్కలో పెట్టనివారే.

యిల్లే మగ్గాల గదిగా వున్నవారికి చిక్కు యెక్కువ. అద్దె యింట్లో సగభాగం మగ్గాలదైతే సగం అద్దె వ్యాపారానిది, సగం సంసారానిది. కరెంటూ సెల్‌ఫోనూ అంతే. సొంత యింటికి అద్దె వ్రాసుకోవడానికి వీలులేదు. అప్పు విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటున్నది: నెలనెలా కట్టే వాయిదా అంతా ఖర్చులో వ్రాస్తారు. వడ్డీ ఒక్కటే ఖర్చు. అసలు తీర్చడం ఖర్చు కాదు. ఆ వడ్డీ కూడా అప్పు మగ్గానికి వాడినంత మేరకే. నేతగాళ్ల ముద్ర రుణం 6 శాతం వడ్డీకి తెచ్చి చెల్లెలి పెళ్లి చేస్తే, పెళ్లి మంచిదే గాని వడ్డీ మాత్రం యింటి ఖర్చు. పూజల మాట అడిగేవారుంటారు: దీపావళికీ ముహూర్తానికీ పెట్టే ఖర్చును వ్యాపారపు ఖర్చుగానే ఆదాయపు పన్ను శాఖ 1968లో ఒప్పుకున్నది. కొబ్బరికాయ వ్రాయండి, విందు భోజనం వ్రాయకండి.

బిల్లు లేని ఖర్చులకు యేమి చేయాలన్నదే కొండప్రాంతంలో అసలు ప్రశ్న. యిదే కొరాపుట్టు జిల్లాలో కొట్‌పాడ్ నేత వున్నది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందింది. అక్కడి పనితనానికి గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ యిచ్చారు. ఆ ఎరుపు దుకాణంలో కొన్న రంగు కాదు. మనం తొగరు అనే చెట్టునే వారు ఆల్ అంటారు. దాని వేరు బెరడులోనిది ఆ రంగు. నూలును ఆముదంతో, పేడతో, కట్టెల బూడిదతో రోజుల తరబడి పదును చేసి, పిమ్మట రంగులో వేస్తారు. వేరు తవ్వి తెచ్చినవాడు బిల్లు యివ్వడు. బూడిదకు రశీదు యెక్కడిది? అట్టి చోట మన చేతనే ఒక వోచరు తయారుకావాలి: తేదీ, అమ్మినవాని పేరు, వూరు, యెంత సరుకు, యెంత సొమ్ము, అతని సంతకమో వేలిముద్రో. అంతే. చేతి వోచరులను అధికారులు అనుమానంగా చూస్తారు, నిజమే. కాని సొమ్ము యిచ్చిన రోజుననే వ్రాసినదానికీ, మార్చి నెలలో ఒకే సిరాతో కూర్చుని వ్రాసిన కట్టకూ తేడా వారికి తెలియకపోదు.

నగదు విషయంలో ఒక హద్దు వున్నది. ఒకే మనిషికి ఒకే రోజున 10,000 రూపాయలకు మించి నగదు యిస్తే ఆ ఖర్చు చెల్లదు. బ్యాంకు ద్వారా యివ్వాలి. మగ్గం వంటిది కొన్నా అంతే, నగదు యిచ్చిన మేరకు తరుగుదల పోతుంది. అయితే యీ హద్దును సాకుగా చూపి, “నగదు యిస్తే మాకు పన్నువాళ్లతో తంటా, తరువాత రండి” అని నేతగాడిని తిప్పే వర్తకులకు ఒక సంగతి గుర్తుచేయాలి. 1962 ఆదాయపు పన్ను నియమాలలోనే, కరెంటు సాయం లేకుండా కుటీర పరిశ్రమలో తయారైన సరుకును తయారుచేసినవాని వద్దనే కొన్నప్పుడు యీ హద్దు నుంచి మినహాయింపు పెట్టారు. చేమగ్గం బట్ట అటువంటి సరుకు కాక మరేమిటి?

అరువు మాట వచ్చింది కాబట్టి యింకొకటి. 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, చిన్న పరిశ్రమగా ఉద్యమ్‌లో నమోదైనవాని వద్ద సరుకు తీసుకున్న వర్తకుడు, వ్రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజులలో, వుంటే అందులోని గడువులో, యెంత చెప్పుకున్నా 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలి. గడువు దాటి మార్చి 31 నాటికి బాకీ నిలిపితే ఆ మొత్తం ఆ యేటి ఖర్చుగా అతనికి చెల్లదు. చెల్లించిన యేటనే చెల్లుతుంది. అంటే మన బాకీ అతని పన్నును పెంచుతుంది. లెక్కలు చూపని చిన్న వర్తకుడి మీద యిది పనిచేయదు. అమ్మకం మీద నూటికి 8 రూపాయలు, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకానికి 6 రూపాయలు లాభమని ఒప్పుకునే పద్ధతి చిన్నవారికి వున్నది. ఆ పద్ధతిలో వున్నవాడికి ఖర్చుల గొడవే లేదు. పెద్ద షావుకారు మీద మాత్రం పనిచేస్తుంది. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. నమోదు కాకుండా వూరకే “చట్టం వున్నదట” అంటే ఆయన వినడు.

మన సంఘం ఒక పని చేయవచ్చును. ఒక పడుగుకు ఒక పుట చొప్పున చిన్న లెక్కల పుస్తకం అచ్చు వేయించి, ఘాటు యెగువ సభ్యులకు తెలుగు, ఒడియా రెండు లిపులలోనూ యివ్వాలి. యెడమపక్క మగ్గం ఖర్చు, కుడిపక్క యింటి ఖర్చు, అడుగున అప్పు వడ్డీకి వేరే వరుస. ఆసు, కండెలు, అచ్చు అతికిన పని రోజులు వ్రాసేందుకు ఒక గడి విడిగా వుండాలి, దానిపైన పనిచేసిన మనిషి పేరు వ్రాసే చోటూ వుండాలి. భార్య కూలిని భర్త ఆదాయంలో కలిపే నిబంధన నుంచి చేనేత కుటుంబాలను తప్పించాలని కేంద్ర ఆర్థిక శాఖకు పెట్టే అర్జీకి ఆ పుటలే ఆధారం. ఒక యేడాది పుటలు చేతికి వచ్చిన తరువాతనే ఆ అర్జీ వ్రాయడం మంచిది.